వదలని పొడి దగ్గు, నాలుగడుగులేస్తే ఆయాసం.. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయేమో! ఆలంపూర్ వైపు వాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే

ఆలంపూర్, జోగులాంబ గద్వాల జిల్లా: నెలల తరబడి పొడి దగ్గు. సిరప్ తాగినా తగ్గదు. మొదట్లో పొలం గట్టు ఎక్కితేనే వచ్చే ఆయాసం, ఏడాది తిరిగేసరికి స్నానం చేసి చొక్కా తొడుక్కునేలోపే వచ్చేస్తుంది. పాలమూరు పల్లెల్లో దీన్ని 'దమ్ము' అంటారు. వయసు మీద పడింది, బీడీలు తాగుతాడు, టీబీ అయ్యుంటుంది.. ఇలా ఏదో ఒక కారణం చెప్పుకుని రోజులు వెళ్లదీస్తారు. కానీ వీళ్లలో కొందరికి ఉన్నది ఆస్తమా కాదు, టీబీ కూడా కాదు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పడి, అవి మెల్లగా గట్టిపడిపోయే జబ్బు. డాక్టర్లు దీన్ని పల్మనరీ ఫైబ్రోసిస్ అంటారు.

2024 డిసెంబర్ 15న తబలా విద్వాంసుడు ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కన్నుమూసినప్పుడు ఈ జబ్బు పేరు టీవీల్లో మారుమోగింది. ఆయన వయసు 73. ఇడియోపథిక్ పల్మనరీ ఫైబ్రోసిస్ ముదరడం వల్లే చనిపోయారని కుటుంబం ప్రకటించింది. 'ఇడియోపథిక్' అంటే కారణం తెలియనిది అని అర్థం. అంత పేరు, డబ్బు, అమెరికా వైద్యం అందుబాటులో ఉన్న మనిషిని కూడా వదలని జబ్బు ఇది. మరి ఆలంపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడే మనిషి సంగతేంటి?

ఒక్క విషయం ముందే చెప్పుకోవాలి. ఒకసారి పడిన మచ్చ మళ్లీ పోదు. ఉన్న ఊపిరిని కాపాడుకోవడమే ఇక్కడ వైద్యం. ఆపరేషన్ చేసి ఇంటికి పంపించేసే జబ్బు కాదు, ఏళ్ల తరబడి ఇంట్లోనే నెట్టుకు రావాల్సిన జబ్బు. ఖర్చు కూడా అలాగే ఉంటుంది. ఒకేసారి పడదు, నెలనెలా పడుతుంది. మన ఆరోగ్య పథకాలకు, ఈ జబ్బుకు పొత్తు కుదరనిది సరిగ్గా ఇక్కడే.

లోపల జరిగేదేంటి?

ఊపిరితిత్తుల్లో కోట్ల సంఖ్యలో చిన్న చిన్న గాలి గదులుంటాయి. వాటి గోడలు చాలా పల్చగా ఉంటాయి కాబట్టే పీల్చిన గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి దూరుతుంది. ఏదో కారణంతో ఆ గోడకు దెబ్బ తగులుతుంది. మామూలుగా అయితే మానిపోవాలి. ఈ జబ్బులో మానే పని ఆగకుండా సాగుతూ పీచులాంటి కణజాలం పేరుకుపోతుంది. లేత బీరకాయ చెట్టుకే ఎండిపోతే పీచు మిగులుతుంది చూడండి, అలాగన్నమాట. మెత్తగా సాగాల్సిన తిత్తి బిరుసెక్కుతుంది. గాలి పీల్చాలన్నా కష్టమే, పీల్చిన గాలి రక్తానికి అందాలన్నా కష్టమే.

అందుకే మొదట్లో ఈ జబ్బు భలే మోసం చేస్తుంది. కూర్చుని ఉన్నప్పుడు వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెడితే 96, 97 చూపిస్తుంది. అదే మనిషి వంద అడుగులు నడిచొస్తే 88కి పడిపోవచ్చు. కూర్చోబెట్టి చూసి 'అంతా బాగానే ఉంది' అని పంపేస్తే అసలు విషయం బయటపడదు.

డాక్టర్ వీపు వెనక స్టెతస్కోప్ పెట్టి వింటే, ఊపిరితిత్తుల అడుగు భాగంలో చెప్పుల వెల్‌క్రో పట్టీ పీకినప్పుడు వచ్చే చరచర శబ్దం వినిపిస్తుంది. కొందరికి చేతి వేళ్ల చివర్లు ఉబ్బి, గోళ్లు గుండ్రంగా వంగుతాయి. ఈ రెండూ కనిపిస్తే ఎక్స్‌రేతో ఆగకూడదు.

కూలర్, పావురం, క్వార్ట్జ్ పొడి

ఊపిరితిత్తులను గట్టిపరిచే జబ్బు ఒకటి కాదు, రెండొందలకు పైగా ఉన్నాయి. అన్నింటినీ కలిపి ఐఎల్‌డీ అంటారు, అంటే ఇంటర్‌స్టీషియల్ లంగ్ డిసీజ్. అన్నీ ముదరవు. కొన్ని కారణం తీసేస్తే ఆగిపోతాయి. కాబట్టి 'ఎందుకొచ్చింది' అన్న ప్రశ్న చాలా ముఖ్యం. పేషెంట్లను ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న కూడా అదే.

మన దేశంలో 27 ఆస్పత్రులు కలిసి 2012 నుంచి 2015 వరకు 1,084 మంది ఐఎల్‌డీ పేషెంట్ల వివరాలు సేకరించాయి. 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. అందులో 47.3 శాతం మందిది హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అని తేలింది. అంటే ఏదో ఒక బూజు, పక్షి రెట్ట, ఈకల దుమ్ము లాంటివి రోజూ పీల్చి, వాటికి ఊపిరితిత్తులు పడక వచ్చే జబ్బు. కారణం తెలియని ఐపీఎఫ్, అంటే జాకిర్ హుస్సేన్‌కు వచ్చిన రకం, 13.7 శాతమే. చండీగఢ్ పీజీఐ తన 803 మంది పేషెంట్లతో వేసిన లెక్క మాత్రం వేరుగా వచ్చింది. అక్కడ న్యుమోనైటిస్ 10.7 శాతమే. ఊరిని బట్టి, పరీక్షించే పద్ధతిని బట్టి లెక్కలు మారతాయి.

అయితే మొదటి లెక్కలో ఒక అంకె దగ్గర మనవాళ్లు ఆగాల్సిందే. న్యుమోనైటిస్ వచ్చినవాళ్లలో 48.1 శాతం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్ వాడకం ఉంది. ఏసీ కాదు, కూలర్. నడిగడ్డ ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో కూలర్ లేకుండా ఇంట్లో ఉండటం కష్టం. పోయిన ఎండాకాలం వాడి మూలన పెట్టిన కూలర్‌ను, ఈ ఎండాకాలం అదే గడ్డితో, అడుగున అదే పాచితో మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ ఆ బూజును నేరుగా ముఖం మీదికి కొడుతుంది. అందరికీ జబ్బు రాదు. పడనివాళ్లకు మాత్రం ప్రతి రాత్రీ కొంత దెబ్బ తగులుతూనే ఉంటుంది. గడ్డి ఏటా మార్చాలి. నీళ్లు వారానికోసారైనా పూర్తిగా తీసేసి ట్యాంకు తోమి ఎండబెట్టాలి. ఫైబ్రోసిస్ ఉందని తేలిన ఇంట్లో అయితే ఆ మనిషి పడుకునే గదిలో కూలర్ అసలు వద్దు. పావురాలకు గింజలు వేయడం, బాల్కనీలో గూళ్లు పెట్టనివ్వడం కూడా అంతే.

పాలమూరుకు ఇంకో బెంగ ఉంది. ప్రాజెక్టులు, సొరంగాలు, రోడ్లు ఎక్కడ తవ్వినా 'పాలమూరు లేబర్' ఉంటుందని దేశమంతా తెలుసు. రాయి కొట్టే చోట, డ్రిల్లింగ్ చేసే చోట, క్వార్ట్జ్ పొడి చేసే చోట సిలికా దుమ్ము లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించనిదే ప్రమాదం. అది గాలి గదుల దాకా వెళ్లి అక్కడే ఉండిపోతుంది. అదే సిలికోసిస్. పని మానేసిన పదేళ్లకు కూడా బయటపడొచ్చు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోనే షాద్‌నగర్ దగ్గరి ఎలికట్ట, క్వార్ట్జ్ యూనిట్లలో పనిచేసిన కూలీల సిలికోసిస్ మరణాలతో వార్తల్లోకెక్కింది. మూతికి కట్టుకునే తువ్వాలు ఈ దుమ్మును ఆపదు. నీళ్లు చల్లుతూ కోయడం, దుమ్ము లాగే మిషన్లు పెట్టడం యజమాని చేయాల్సిన పని.

ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే కారణం ఇంకోటి. కీళ్లవాతం, స్క్లెరోడెర్మా లాంటి జబ్బులు ఊపిరితిత్తులనూ పట్టుకుంటాయి. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, చల్లనీళ్లు తగిలితే వేళ్లు తెల్లబడటం లాంటివి ఉంటే దగ్గుతో పాటు అవి కూడా డాక్టర్‌కు చెప్పాలి. కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట పరిస్థితిని ఇంకా దిగజారుస్తాయి. గుండె లయకు వాడే అమియోడరోన్, మూత్రంలో మంటకు నెలల తరబడి వాడే నైట్రోఫ్యురాంటాయిన్ లాంటి మాత్రలు కూడా కొందరిలో కారణమవుతాయి. అందుకే పాత చీటీలన్నీ సంచిలో వేసుకుని వెళ్లడం మంచిది. కోవిడ్ తీవ్రంగా వచ్చి ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డవాళ్లలో కొందరికి మచ్చలు మిగిలాయి. అయితే అవి చాలామందిలో కాలంతో పాటు తగ్గుముఖం పట్టాయి, ఐపీఎఫ్‌లా ఏటేటా ముదరలేదు.

టీబీ అనుకుని ఆర్నెల్లు.. ఆస్తమా అనుకుని ఏడాది

ఎక్స్‌రేలో తెల్లటి గీతలు కనిపించగానే మన దగ్గర మొదట వచ్చే అనుమానం టీబీ. అది తప్పేం కాదు, టీబీ ఎక్కువగా ఉన్న దేశం మనది. తెమడ పరీక్ష చేయించాల్సిందే. తప్పెక్కడంటే, తెమడలో ఏమీ లేకపోయినా మందులు మొదలుపెట్టి, ఆర్నెల్లు వాడి, తగ్గకపోతే ఇంకో కోర్సు వాడటంలో. సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగానే టీబీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి వాళ్ల విషయంలో చిక్కు ఇంకా పెద్దది.

రెండో తప్పు ఇన్‌హేలర్. ఆస్తమాలో గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, పీల్చే మందు వాటిని వదులు చేస్తుంది. ఫైబ్రోసిస్‌లో చెడింది గొట్టం కాదు. ఇన్‌హేలర్, నెబులైజర్ ఎన్ని పెట్టినా గట్టిపడిన భాగం మెత్తబడదు.

మూడోది అన్నింటికన్నా ప్రమాదం: స్టెరాయిడ్. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుంటే రెండు రోజులు హుషారుగా ఉంటుంది, అందుకే మళ్లీ మళ్లీ వేయించుకుంటారు. అమెరికాలో ఐపీఎఫ్ పేషెంట్లకు ప్రెడ్నిసోన్, అజథయోప్రిన్, ఎన్-అసిటైల్‌సిస్టీన్ కలిపి ఇచ్చి చూసిన ట్రయల్‌ను మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. మందులు తీసుకున్న 77 మందిలో 8 మంది చనిపోతే, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్న 78 మందిలో చనిపోయింది ఒక్కరే. 2012లో ఈ ఫలితం వచ్చాకే ఐపీఎఫ్‌లో ఆ పద్ధతి మానేశారు. అలాగని స్టెరాయిడ్ అంటేనే విషం కాదు. న్యుమోనైటిస్‌లో, కీళ్లవాతంతో వచ్చిన రకంలో డాక్టర్లు అదే మందును పద్ధతిగా వాడతారు. ఏ రకమో తేలకముందే వాడటమే సమస్య. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఈ వార్త చదివి ఒక్కసారిగా ఆపేయకూడదు, అది ఇంకో ప్రమాదం.

జబ్బును తేల్చేది హెచ్‌ఆర్‌సీటీ స్కాన్. ఊపిరితిత్తులను పల్చటి ముక్కలుగా చూపిస్తుంది. బాగా ముదిరితే తేనెపట్టులా చిల్లులు కనిపిస్తాయి. దాంతో పాటు స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష. అందులో వచ్చే ఎఫ్‌వీసీ అనే అంకెను రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే 2022లో అంతర్జాతీయ ఛాతీ వైద్య సంఘాలు పెట్టిన కొలత ప్రకారం, ఐపీఎఫ్ కాని రకాల్లో ఏడాది వ్యవధిలో మూడింటిలో రెండు జరిగితే జబ్బు 'ముదురుతున్న' రకమని లెక్క: ఆయాసం పెరగడం, ఊదే పరీక్షలో నిర్ణీత స్థాయిలో తగ్గుదల, స్కాన్‌లో మచ్చలు పెరగడం. ఎఫ్‌వీసీ విషయంలో ఆ తగ్గుదల 5 శాతం పాయింట్లు. పోయినేటి కాగితం పోగొట్టుకుంటే పోల్చడానికి ఏమీ ఉండదు. సీడీ, ఫిల్ము, రిపోర్టు మూడూ దాచాలి.

ఇంట్లో చూసుకోవాలంటే ఓ తేలిక పద్ధతి ఉంది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఒక్క నిమిషం పాటు లేచి కూర్చోవాలి. ముందూ వెనకా ఆక్సీమీటర్ చూడాలి. 4 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ పడిపోతే డాక్టర్‌కు చెప్పాలి. గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ఒంటరిగా ఈ ప్రయోగం చేయకూడదు. అంతకన్నా తేలిక కొలమానం కావాలంటే జోగులాంబ అమ్మవారి గుడి నుంచి తుంగభద్ర ఘాట్ దాకా నడక. పోయినేడాది ఆగకుండా నడిచిన మనిషి ఈ ఏడాది ఎన్నిచోట్ల ఆగాడో ఇంట్లోవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.

కర్నూలా? హైదరాబాదా?

ఆలంపూర్ నుంచి కర్నూలు ముప్పై కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ రెండు వందలు దాటుతుంది. అందుకే ఈ ప్రాంతం మొదటి నుంచీ కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి మీద, అక్కడి ప్రైవేటు ఆస్పత్రుల మీద ఆధారపడింది. 2014 తర్వాత మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చి పడింది. ఆ గీత ఎంత బరువైనదో 2021 మేలో అందరూ చూశారు. కర్నూలు వైపు నుంచి వచ్చే కోవిడ్ అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆపేశారు. మే 14న తెలంగాణ హైకోర్టు స్టే ఇచ్చాక గానీ కదలలేదు. అప్పుడు ఆగినవి అటు నుంచి వచ్చే బండ్లు. రోజువారీ జీవితంలో ఇటువాళ్లకు ఎదురయ్యేది చప్పుడు లేని అడ్డంకి. తెలంగాణ కార్డు కర్నూలులో ఏ ఆస్పత్రిలో, ఏ చికిత్సకు పనికొస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకుని కదలాలి. మహాలక్ష్మి ఉచిత బస్సు కూడా తెలంగాణ హద్దు వరకే.

ఆరోగ్యశ్రీ మొదలైంది కూడా ఇక్కడే అన్నది చాలామంది మరిచిపోయారు. 2007 ఏప్రిల్ 1న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ప్రయోగాత్మకంగా ఎంచుకున్న మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. పెద్ద ఆపరేషన్ వస్తే ఆదుకునే పథకమే, సందేహం లేదు. కానీ దాని రూపం ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లింది. ఫైబ్రోసిస్ పేషెంట్ ఏడాదిలో ఆస్పత్రి మంచం మీద గడిపేది కొద్ది రోజులే. మిగతా రోజుల మాత్రలు, ఆక్సిజన్, కరెంటు, స్కాన్లు, రానుపోను ఖర్చులు, తోడు వచ్చిన కొడుకు పోగొట్టుకున్న కూలి.. ఇవన్నీ జేబులోంచే. 10 లక్షల కార్డు చేతిలో ఉండి కూడా నెలకు కొన్ని వేల మాత్రలకు బంగారం కుదువ పెట్టాల్సి రావడం ఈ జబ్బులోని విచిత్రం.

మొదటి పరీక్షలకు కర్నూలు, మహబూబ్‌నగర్ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోని ఛాతీ విభాగాలు సరిపోతాయి. ఏ రకం ఫైబ్రోసిస్ అన్నది తేలకపోతే ఒక్కసారైనా హైదరాబాద్ వెళ్లడం దండగ కాదు. ఎర్రగడ్డ ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి, నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఉన్నాయి. ఐఎల్‌డీని ఒక్క డాక్టర్ కాకుండా ఊపిరితిత్తుల డాక్టర్, స్కాన్ చదివే డాక్టర్, అవసరమైతే కీళ్ల డాక్టర్ కలిసి కూర్చుని తేల్చాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. రకం తేలాక నెలనెలా చూపించుకోవడం దగ్గర్లోనే పెట్టుకోవచ్చు.

మందులు ఏం చేస్తాయి? ఏం చేయవు?

ప్రధానమైన మాత్రలు రెండు: పిర్ఫెనిడోన్, నింటెడానిబ్. అమెరికాలో రెండింటికీ 2014 అక్టోబర్‌లో ఒకేసారి అనుమతి వచ్చింది. మన దేశంలో పిర్ఫెనిడోన్ అంతకన్నా ముందే, 2010 నుంచే దొరుకుతోంది. నింటెడానిబ్‌లోనూ ఇప్పుడు మన కంపెనీల మాత్రలు వచ్చాయి. ఐపీఎఫ్ కాకుండా ఇతర కారణాలతో ముదిరే ఫైబ్రోసిస్‌కు కూడా నింటెడానిబ్ పనికొస్తుందని 2019లో తేలింది. 663 మందిపై చేసిన ఆ ట్రయల్‌లో, మందు వాడనివాళ్లు ఏడాదిలో సుమారు 188 మిల్లీలీటర్ల ఊపిరి సామర్థ్యం కోల్పోతే, వాడినవాళ్లు సుమారు 81 కోల్పోయారు. 2025 అక్టోబర్‌లో నెరాండోమిలాస్ట్ అనే ఇంకో మాత్రకు అమెరికా అనుమతిచ్చింది.

ఆ అంకెలు మళ్లీ చూడండి. మందు వాడినా తగ్గుదల ఉంది, నెమ్మదించింది అంతే. మాత్ర వేసుకున్న నెలకు ఆయాసం తగ్గలేదని, 'పనిచేయట్లేదు' అని మానేసేవాళ్లు చాలామంది. పని చేస్తున్నట్టు ఒంటికి తెలియని మందు ఇది, జారుడు నేల మీద కాలు నిలదొక్కుకోవడం లాంటిది. ఈ సంగతి మొదటి రోజే చెప్పకపోతే మూడో నెలకు డబ్బులు పెట్టడం ఆపేస్తారు.

ఇబ్బందులూ ఉంటాయి. పిర్ఫెనిడోన్‌తో వికారం, ఆకలి మందగించడం, ఎండకు చర్మం మండి దద్దుర్లు రావడం. మన ఎండల్లో పొలం పనికి వెళ్లేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. నిండు చేతుల చొక్కా, తలకు రుమాలు తప్పనిసరి. నింటెడానిబ్‌తో ఎక్కువగా విరేచనాలు. రెండింటినీ అన్నం తిన్నాకే వేసుకోవాలి, మొదటి నెలల్లో తరచూ, తర్వాత మూడు నెలలకోసారి లివర్ పరీక్ష చేయించాలి. డోసు తగ్గించడం, కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టడం డాక్టర్ చూసుకుంటారు. ధర కంపెనీని బట్టి బాగా మారుతుంది కాబట్టి చీటీ మీద మందు పేరు రాయించుకుని, జన ఔషధి దుకాణంలోనూ, రెండు మూడు మందుల షాపుల్లోనూ అడిగి చూడాలి.

మందు ఏదీ లేకపోతే ఐపీఎఫ్ తేలినప్పటి నుంచి సగం మంది మూడు నుంచి ఐదేళ్లకు మించి బతకరని పాత లెక్కలు చెబుతాయి. వయసు, ఒంట్లో శక్తి అనుకూలిస్తే ఊపిరితిత్తుల మార్పిడి ఓ దారి. తెలంగాణలో జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. ఆక్సిజన్ మీద మంచానికే పరిమితమయ్యాక కాదు, దానికంటే చాలా ముందే అడగాలి.

ఆక్సిజన్ మిషన్, 200 యూనిట్ల లెక్క

ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఆక్సిజన్ 88, అంతకన్నా తక్కువ ఉంటే డాక్టర్లు ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోమంటారు. రోజుకు కనీసం 15 గంటలు. దీనికి వాడేది కాన్సన్‌ట్రేటర్. గదిలోని గాలినే తీసుకుని, నైట్రోజన్ తీసేసి, ఆక్సిజన్ ఇస్తుంది. గ్యాస్ నింపే పని లేదు, కరెంటు ఉంటే చాలు. ఆ కరెంటే ఇక్కడ కథ.

5 లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుందనుకుందాం. రోజుకు 15 గంటలు నడిస్తే 5.25 యూనిట్లు. నెలకు 157 దాటుతుంది. 24 గంటలూ నడిస్తే 252. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు వాడే తెల్లకార్డు ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది. దాటితే పైన వాడినదానికే కాదు, మొత్తానికీ కట్టాలి. అంటే 15 గంటలు మిషన్ నడిపే ఇంటికి ఫ్యాన్లు, బల్బులు, టీవీ, ఫ్రిజ్ అన్నీ కలిపి మిగిలేది 43 యూనిట్లు. ఎండాకాలం అది పది రోజులకే అయిపోతుంది. ఊపిరికి వాడే కరెంటును ఏసీకి వాడే కరెంటుతో సమానంగా లెక్కేయడం న్యాయం కాదు. డాక్టర్ చీటీ ఉన్న ఇంటికి ఆ యూనిట్లు మినహాయించడం ప్రభుత్వానికి పెద్ద బరువేమీ కాదు.

బిల్లు భయంతో మిషన్ ఆపేసి పడుకునేవాళ్లు ఉంటారు. రాత్రే ఆక్సిజన్ ఎక్కువగా పడిపోతుంది కాబట్టి ఆపాల్సింది రాత్రి కాదు. కరెంటు పోతే అన్న బెంగ ఉన్నవాళ్లు ఒక చిన్న సిలిండర్ ఇంట్లో పెట్టుకోవాలి. బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. సొంతంగా కొనేముందు నెల అద్దెకు తీసుకుని చూడటం మేలు. మిషన్ ఉన్న గదిలో దీపం, అగరబత్తి, బీడీ, పొయ్యి ఏదీ ఉండకూడదు. ఇది మాత్రం మన ఇళ్లలో పదే పదే చెప్పాల్సిన మాట, దేవుడి గూడు కూడా అదే గదిలో ఉంటుంది కాబట్టి.

కూలీలకు కాగితమే ఆస్తి

సిలికోసిస్ విషయంలో చట్టం కొంత తోడుంది. చట్ట ప్రకారం ఇది తప్పక తెలియజేయాల్సిన జబ్బు. పేషెంట్‌లో దీన్ని గుర్తించిన డాక్టర్ సంబంధిత అధికారికి రాయాలి. చట్టంలో పరిహారానికి వీలున్న జబ్బుల జాబితాలో కూడా దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులున్నాయి, అంటే పరిహారం అడగొచ్చు. చిక్కల్లా రుజువులోనే. మేస్త్రీ వెంట వెళ్లి మూడు రాష్ట్రాల్లో పనిచేసిన కూలీ దగ్గర హాజరు చీటీ కూడా ఉండదు. రాజస్థాన్ 2019లో ఈ జబ్బు కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. మనవాళ్లు చేయగలిగింది: ఎక్కడ, ఏ ఏడాది, ఏ పని చేశారో రాసుకోవడం, పీఎఫ్, ఈఎస్‌ఐ నంబర్లు ఉంటే దాచుకోవడం, ఓపీ చీటీ మీద 'రాయి పని' అని డాక్టర్‌తో రాయించుకోవడం. ఆ రెండు మాటలు తర్వాత చాలా పనికొస్తాయి.

ఇంట్లో చేయగలిగినవి

ఆయాసం వస్తోందని కదలకుండా కూర్చుంటే కండలు కరిగిపోయి ఆయాసం ఇంకా పెరుగుతుంది. రోజూ కొంత నడక, కుర్చీలో లేచి కూర్చోవడం, చిన్న బరువులెత్తడం లాంటి సాధన డాక్టర్లు నేర్పిస్తారు. పల్మనరీ రిహాబిలిటేషన్ అని దాని పేరు. పెద్ద ఖర్చు లేనిది, మేలు చేస్తుందని గట్టిగా తేలినది కూడా అదే. మన దగ్గర ఎక్కువమందికి చేరనిది కూడా అదే.

ఏటా ఫ్లూ టీకా, డాక్టర్ చెప్పినప్పుడు న్యుమోనియా టీకా వేయించాలి. ఒకేసారి కడుపునిండా తింటే ఊపిరికి చోటు తగ్గుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినాలి. రాత్రి తిన్న వెంటనే పడుకోకూడదు, పుల్లటి నీళ్లు గొంతులోకి వస్తే దగ్గు పెరుగుతుంది. కట్టెల పొయ్యి ఆపాలి, కనీసం ఆ మనిషిని పొగకు దూరంగా ఉంచాలి.

ఉన్నట్టుండి ముదిరితే

నెమ్మదిగా నడిచే జబ్బు ఒక్కోసారి వారం పది రోజుల్లోనే ఎగబాకుతుంది. జలుబు, జ్వరం తర్వాతో, ఏ కారణం లేకుండానో. మాట పూర్తి చేయలేనంత ఆయాసం, పెదాలు నీలం రంగు తిరగడం, మామూలుగా ఉండే ఆక్సిజన్ కంటే బాగా పడిపోవడం.. ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి, ఉదయం దాకా చూద్దామనుకోకూడదు. పాత స్కాన్, మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి.

ఇక్కడే కుటుంబం మాట్లాడుకోవాల్సిన కష్టమైన సంగతి ఒకటుంది. ఐపీఎఫ్ బాగా ముదిరిన మనిషిని వెంటిలేటర్ మీద పెడితే మళ్లీ బయటకు రావడం చాలా అరుదు. ఐసీయూలో రోజులు గడిచేకొద్దీ అప్పు పెరుగుతుంది, మనిషి దక్కడు. న్యుమోనియా లాంటి నయమయ్యే కారణం ఉంటే లెక్క వేరు. కాబట్టి బాగున్నప్పుడే డాక్టర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పేషెంట్ మాట కూడా విని నిర్ణయించుకోవాలి. రాత్రి రెండు గంటలకు, ఎమర్జెన్సీ వార్డు గుమ్మంలో తేల్చుకునే విషయం కాదిది.

చివరి దశలో బాధ తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. తెలంగాణలో జిల్లా స్థాయి ప్రభుత్వ కేంద్రాలున్నాయి. క్యాన్సర్ వాళ్లకే అనుకుంటారు గానీ ఊపిరి ఆడని మనిషికీ అది హక్కే. డాక్టర్ పర్యవేక్షణలో కొద్ది మోతాదు మార్ఫిన్ ఆయాసపు బాధను తగ్గించగలదు. ఇంట్లో చేయగలిగిన చిన్న పని ఇంకోటి: టేబుల్ ఫ్యాన్ గాలి సూటిగా ముక్కు, బుగ్గల మీద తగిలేలా పెట్టి, ముందుకు వంగి మోకాళ్ల మీద మోచేతులు ఆనించి కూర్చోబెట్టాలి. ఆక్సిజన్ అంకె మారకపోయినా ఊపిరాడట్లేదన్న భావన తగ్గుతుంది.